2027 ఆగస్టు 2 సంపూర్ణ సూర్యగ్రహణం: 150–600 లెన్స్‌తో ఎలా తీయాలి, పక్కనున్నవాళ్లకు ఎలా చూపించాలి?

తారాపథం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సార్ దగ్గర నుంచి సంపూర్ణ సూర్యగ్రహణం తీయడానికి సిద్ధమవుతున్నాం. ఇరవై మందిమి, కెమెరాలున్నది ముగ్గురికే. మిగతావాళ్లలో పిల్లలున్నారు, పెద్దవాళ్లున్నారు.

సామాను ఇది: 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ బాడీ, 150–600 మి.మీ. జూమ్ (600 దగ్గర ఎఫ్/6.3), ట్రైపాడ్, బాల్ హెడ్, చిన్న స్టార్ ట్రాకర్ (ఆకాశం తిరిగే వేగంతో కెమెరాను తిప్పే పరికరం). చంద్రుణ్ణి, పాలపుంతను తీయడం అలవాటే. సూర్యుడి మీదికి లెన్స్ తిప్పడం ఇదే మొదలు.

ఫిల్టర్ ఎలాంటిది తీసుకోవాలి, సరిగ్గా ఎప్పుడు తీసి ఎప్పుడు పెట్టాలి? 600 వాడాలా, తగ్గించాలా? ట్రాకర్ మోసుకెళ్లడం అవసరమా? కరోనాకి, అంటే సంపూర్ణ దశలో సూర్యుడి చుట్టూ కనిపించే తెల్లటి వెలుగుకి, ఎక్స్‌పోజర్లు ఎంతెంత? ఇంకొకటి, నాకు ఇదీ అంతే ముఖ్యం: కెమెరా లేని పదిహేడు మందికి అక్కడికక్కడ ఏం చూపించవచ్చు, తరవాత ఫొటోలు ఎలా పంచుకుంటే బాగుంటుంది?

లక్షోవంతు

ముందు ఫిల్టర్ తేల్చుకుందాం. ఆప్టికల్ డెన్సిటీ 5 ఉన్నది తీసుకోండి, అంటే సూర్యకాంతిలో లక్షో వంతే లోపలికి వదిలేది. బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్ 5.0లోనూ దొరుకుతుంది, 3.8లోనూ దొరుకుతుంది. రెండోది కెమెరాకే గాని కంటికి పనికిరాదు. పిల్లలున్న చోట మిగిలిన ఫిల్మ్ ముక్క ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం, అందుకని 3.8 అసలు వెంట ఉంచుకోవద్దు. జలపాతాలు తీయడానికి వాడే పది స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కీ వెలుగు సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్ కాంతిని వెయ్యో వంతుకే తగ్గిస్తుంది, పరారుణ కిరణాల్ని చాలావరకు వదిలేస్తుంది కూడా. అలాంటివి రెండు కలిపి బిగించినా సూర్యుడికి చాలవనే అనుకోండి.

ఫిల్మా, గాజా అంటే నా ఓటు ఫిల్ముకే. గాజు సమతలంగా లేకపోతే 600 దగ్గర సూర్యుడి అంచు మెత్తబడిపోతుంది, ఎంత ఫోకస్ చేసినా కుదరదు. మరతో బిగించే ఫిల్టర్ కూడా వద్దు. కీలకమైన ఆ ఇరవై సెకన్లలో దాన్ని తిప్పి విప్పుతుంటే లెన్స్ కదులుతుంది, ఫోకస్ రింగు జరుగుతుంది, ఒక్కోసారి మర పట్టేస్తుంది.

తొడుగు చేసుకునే పద్ధతి చెబుతాను. మందపాటి అట్టను 6 సెం.మీ. వెడల్పు పట్టీగా కోసి లెన్స్ ముందు భాగం చుట్టూ రెండు చుట్లు చుట్టి అంటించండి. లోపలివైపు పలచని ఫెల్ట్ గుడ్డ పట్టీ వేస్తే జారకుండా పట్టుకుంటుంది, రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. అదే వ్యాసంలో రెండు అట్ట రింగులు కోసి, వాటి మధ్య ఫిల్మును రెండువైపులా అంటుకునే టేపుతో బిగించి, ఆ పట్టీ చివర అతికించండి. ఫిల్మును బిర్రుగా లాగొద్దు. కాస్త ముడతలు పడ్డా బొమ్మకు నష్టం లేదు, లాగితేనే పాడవుతుంది. వాడబోయే ముందు ప్రతిసారీ ప్రకాశవంతమైన దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. సూదిమొనంత చుక్కలు మెరుస్తూ కనిపిస్తే ఆ ఫిల్మ్ పారేయండి. గాలికి ఎగిరిపోకుండా రెండు టేపు ముక్కలు వేసి, వాటి చివరలు మడిచి పెట్టండి, గోరుతో గీకాల్సిన పని ఉండదు.

ఫిల్టర్ ఎప్పుడు తీసేయాలంటే, సంపూర్ణ దశ మొదలయ్యే సీ2కి 20 సెకన్ల ముందు. అది ముగిసే సీ3 తరవాత డైమండ్ రింగ్ (అంచున ఒక్కచోట వజ్రంలా మెరిసే వెలుగు) ఫొటో తీసుకుని, 20 సెకన్లలోపే ఫిల్టర్ మళ్లీ పెట్టాలి. ఆ 20 సెకన్లూ కెమెరాకే, కళ్లకు కాదు. సీ2 దాకా కళ్లద్దాలు ఉండాల్సిందే. అంతకు ముందే ఫిల్టర్ తీసి లెన్స్‌ను సూర్యుడి మీదే వదిలేస్తే అపెర్చర్ రెక్కలు, షట్టర్ కాలిపోవచ్చు. మీ బృందంలో ఎవరిదైనా డీఎస్ఎల్ఆర్ అయితే, ఫిల్టర్ లేనప్పుడు ఆప్టికల్ వ్యూఫైండర్ మీద ముందే నల్ల టేపు వేసేయండి, అలవాటు కొద్దీ కన్ను అటు పోకుండా.

దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ఎక్కువగా జరుగుతుంది: సంపూర్ణ దశ మొదలైనా ఫిల్టర్ తీయడం మరిచిపోతారు, ఫ్రేములన్నీ నల్లగా వస్తాయి. ఆ పని గుర్తు చేయడానికి కెమెరా లేని ఒక మనిషిని పెట్టుకోండి.

ఖమధ్యం

లక్సార్‌లో అన్నిటికంటే పెద్ద చిక్కు కోణం. గరిష్ఠ గ్రహణం ఆ ప్రాంతంలోనే పడుతోంది, అప్పుడు సూర్యుడు దిగంతం నుంచి సుమారు 82 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఎక్స్‌పోజర్ పట్టికలన్నీ కంఠతా వచ్చినా ఈ కోణంలో సామాను నిలబెట్టలేకపోతే ఏమీ రాదు.

బాల్ హెడ్‌లో అంత పైకి తిప్పాలంటే పక్కనున్న గాడిలోకి వంచాలి. అప్పుడు రెండున్నర కిలోల బరువు ఒక పక్కకి వేలాడుతుంది, బిగించి చెయ్యి తీయగానే కాస్త దిగుతుంది, సూర్యుడు ఫ్రేము అంచుకి పోతాడు. సెంటర్ కాలమ్ పైకి లాగొద్దు. ట్రైపాడ్ కాలు ఒకటి బరువు వేలాడే వైపుకే వచ్చేలా నిలబెట్టండి. మధ్య కొక్కేనికి ఇసుక సంచి కట్టండి, ఊగకుండా నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి.

ఇంకో సంగతి చాలామందికి అక్కడికి వెళ్లేదాకా తట్టదు: లెన్స్ నిటారుగా పైకి చూస్తుంటే కెమెరా వెనక తెర నేలకేసి ఉంటుంది. తెర మడిచి తిప్పుకునే బాడీ కాకపోతే చిన్న మానిటర్ అయినా ఉండాలి, ఫోన్ యాప్ అయినా ఉండాలి. లేకపోతే మిట్టమధ్యాహ్నం ఇసుకలో వెల్లకిలా పడుకుని ఫోకస్ చేయాల్సి వస్తుంది.

మూడోది జూమ్ జారడం. 150–600 లాంటి పొడవాటి జూమ్‌ను పైకి ఎత్తితే ముందు భాగం తన బరువుకి తానే లోపలికి దిగుతుంది. లాక్ ఉన్నా నమ్మొద్దు, జూమ్ రింగునీ ఫోకస్ రింగునీ టేపుతో కట్టేయండి. ఫోకస్‌ను సీ2కి పది నిమిషాల ముందు మళ్లీ సరిచూసుకుని అప్పుడు టేపు వేయాలి. అక్కడ ఆగస్టు మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే. గ్రహణం ముదిరేకొద్దీ వేడి తగ్గుతుంది, ఆ మార్పుకి లెన్స్ ఫోకస్ జరుగుతుంది. పాక్షిక దశంతా కెమెరా మీద తెల్ల తువ్వాలు కప్పి ఉంచండి. నల్ల బాడీ ఎండలో కాగిపోతే చిత్రాల్లో నాయిస్ పెరుగుతుంది, కొన్ని బాడీలు వేడి హెచ్చరిక చూపించి ఆగిపోతాయి కూడా.

ఇక ట్రాకర్. తీసుకెళ్లండి. స్థిరమైన ట్రైపాడ్ మీద సూర్యుడు సెకనుకు 14 ఆర్క్‌సెకన్లకు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పైగా జరుగుతాడు. మీ 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ మీద 600 దగ్గర పిక్సెల్‌కు సుమారు 1.35 ఆర్క్‌సెకన్లు, అంటే ఒక సెకను ఎక్స్‌పోజర్‌లో పది పిక్సెళ్ల గీత పడుతుంది. 1/8 సెకను దాకా పరవాలేదు, అంతకు మించితే సాగుతుంది. పైగా 6 నిమిషాల 20 సెకన్లలో సూర్యుడు తన వ్యాసానికి దాదాపు మూడింతల దూరం జరుగుతాడు, మధ్యలో రెండుమూడుసార్లు ఫ్రేము సరిచేసుకోవాలి. అంత దూరం వెళ్లి ఆ పనిలో కూరుకుపోవడం దండగ.

ధ్రువ అక్షం ముందురోజు రాత్రే ధ్రువనక్షత్రంతో సరిచేసి, ట్రైపాడ్ కాళ్లు నిలిచిన చోట నేల మీద గుర్తులు పెట్టుకోండి. అది వీలుకాకపోతే పగలు అక్షాంశం 25.7 డిగ్రీలు పెట్టి, దిక్సూచితో ఉత్తరం పట్టుకోవచ్చు. అక్కడ దిక్సూచి కొద్ది డిగ్రీలు తూర్పుకి తప్పి చూపిస్తుంది, ఆ సవరణ చేసుకోండి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా సెకనుకు పావు ఆర్క్‌సెకనే జరుగుతుంది, ఈ పనికి చాలు. సోలార్ రేటు (సూర్యుడి వేగం) లేని ట్రాకరైతే సైడీరియల్ (నక్షత్రాల వేగం) పెట్టినా ఆరు నిమిషాల్లో తేడా 15 ఆర్క్‌సెకన్లే.

ఒక్క గండం ఉంది. లక్సార్‌లో సూర్యుడు మధ్యాహ్నరేఖ (ఆకాశంలో ఉత్తర దక్షిణాలను కలిపే నడిమి రేఖ) దాటేది సంపూర్ణ దశకు కొద్ది నిమిషాల ముందే. ఆటోమేటిక్ ఫ్లిప్ (రేఖ దాటగానే తనంతట తాను అవతలి పక్కకి తిరగడం) ఉన్న గోటూ మౌంటు, అంటే కంప్యూటర్‌తో నడిచే స్టాండు, ఎవరైనా తెస్తే, సరిగ్గా అప్పుడే అది లెన్స్‌ను ఇటునుంచి అటు తిప్పడం మొదలుపెడుతుంది. ఫ్లిప్ ఆపేయండి, మధ్యాహ్నరేఖ పరిమితిని దాటనిచ్చేలా మార్చండి. చిన్న ట్రాకర్‌కు ఆ బెడద లేదు గాని, రేఖ దాటిన గంట తరవాత కూడా లెన్స్ వెనక భాగం ట్రైపాడ్ కాలికి తగలకుండా ఉంటుందో లేదో చేత్తో తిప్పి చూసుకోండి.

స్టాప్_లెక్క

600 గురించి: సెన్సర్ మీద సూర్యుడి బొమ్మ సైజు ఫోకల్ లెంగ్త్‌లో 109వ వంతు. 600కి 5.5 మి.మీ., 400కి 3.7 మి.మీ. ఏపీఎస్-సీ సెన్సర్ ఎత్తు 15.6 మి.మీ. కాబట్టి 600 దగ్గర నిలువునా మూడు సూర్యులు కూడా పట్టరు, కరోనా చారలు తెగిపోతాయి. 400 దగ్గర నాలుగు పడతారు. ముగ్గురు ఉన్నారు కాబట్టి పంచుకోండి: ఒకరు 600 దగ్గర బెయిలీ పూసలు (చంద్రుడి లోయల గుండా మెరిసే చివరి వెలుగు చుక్కలు), ప్రామినెన్సులు (సూర్యుడి అంచు నుంచి లేచే ఎర్రటి వాయు జ్వాలలు), ఇంకొకరు 400 దగ్గర కరోనా, మూడో కెమెరా వెడల్పు లెన్స్‌తో మనుషులూ ఆకాశమూ. ముగ్గురూ ఒకే బొమ్మ తెచ్చుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదు.

ఎక్స్‌పోజర్లకు గ్రహణాల నిపుణుడు ఫ్రెడ్ ఎస్పెనాక్ ఇచ్చిన లెక్క చాలాకాలంగా నిలబడింది. ఎఫ్/8, ఐఎస్ఓ 100కి దాన్ని విప్పితే ఇలా వస్తుంది. పాక్షిక దశ, డెన్సిటీ 5 ఫిల్టర్‌తో 1/400. నెలవంక బాగా సన్నబడ్డాక ఒక స్టాప్ పెంచండి, ఎందుకంటే సూర్యబింబం అంచు నడిమి కంటే మసకగా ఉంటుంది. ఫిల్టర్ తీశాక బెయిలీ పూసలు 1/3200, క్రోమోస్ఫియర్ (సూర్యుడి అంచున పలచటి ఎర్రటి పొర) 1/1600, ప్రామినెన్సులు 1/800. లోపలి కరోనా, అంటే అంచు నుంచి సూర్యవ్యాసార్థంలో పదో వంతు దూరానికి 1/200. సగం వ్యాసార్థం దూరానికి 1/12. పూర్తి వ్యాసార్థం దూరానికి 1/3. నాలుగు వ్యాసార్థాల దూరంలోని చారలకు ఒక సెకను.

చూశారుగా, ఏ ఒక్క ఎక్స్‌పోజర్‌లోనూ కరోనా మొత్తం పట్టదు. 1851 జూలై 28న బెర్కోవ్‌స్కీ కోనిగ్స్‌బెర్గ్‌లో తీసిన డాగెరోటైప్ (తొలినాటి వెండిరేకు ఫొటో), కరోనాకి సరిగ్గా పడిన మొట్టమొదటి ఫొటో, 84 సెకన్ల ఎక్స్‌పోజర్. ఇప్పుడు ఆ వ్యవధిలో బ్రాకెట్లు (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వెంటవెంటనే తీసే ఫ్రేముల వరసలు) ఎన్నో పూర్తవుతాయి.

ట్రాకర్ ఉంటే ఐఎస్ఓ 100, రెండు స్టాప్‌ల తేడాతో ఐదు ఫ్రేములు: 1/500, 1/125, 1/30, 1/8, 1/2. ట్రాకర్ లేకపోతే ఐఎస్ఓ 400కి పెంచి 1/2000, 1/500, 1/125, 1/30, 1/8. రెండూ ఒకే వెలుగు ఇస్తాయి, రెండోది పైన ఖమధ్యం గారు చెప్పిన 1/8 హద్దులోనే ఉంటుంది. బ్రాకెట్‌ను సంపూర్ణ దశ ఆరంభంలో మూడుసార్లు, నడిమిలో మూడుసార్లు, చివర్లో మూడుసార్లు తీస్తే చాలు. ట్రాకర్ మీద నడిమిలో 2 సెకన్ల ఫ్రేములు నాలుగు కలపండి, ఐఎస్ఓ 400. చంద్రుడి నల్లటి బింబం మీద భూమి నుంచి వెళ్లిన వెలుగులో మచ్చలు తేలతాయి. చూసినవాళ్లు నమ్మలేని బొమ్మ అదే.

కెమెరాలో సరిచూసుకోవాల్సినవి: రా ఫార్మాట్, మాన్యువల్ ఫోకస్, ఆటో ఐఎస్ఓ వద్దు, వైట్ బ్యాలెన్స్ డేలైట్ దగ్గర స్థిరంగా, స్టెబిలైజేషన్ ఆఫ్, ఆటో పవర్ ఆఫ్ వద్దు, తీసిన బొమ్మ తెర మీద చూపించడం వద్దు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ తప్పకుండా ఆపండి. అది ఆన్‌లో ఉంటే నెమ్మది ఫ్రేము తరవాత కెమెరా అంతే సేపు మూసుకుని కూర్చుంటుంది, రెండు సెకన్లది నాలుగవుతుంది. ఐదేసి రా ఫ్రేములు వరసగా కొడితే బఫర్ ఎప్పుడు నిండుతుందో ఇంట్లోనే మీ కార్డుతో కొలిచి పెట్టుకోండి.

సాధనకు పౌర్ణమి చంద్రుడున్నాడు. సైజు దాదాపు అంతే, లోపలి కరోనా వెలుగు కూడా ఇంచుమించు ఆ స్థాయిదే. ఆ సామానుతోనే, చీకట్లో, గడియారం పెట్టుకుని మొత్తం ఆరు నిమిషాల క్రమం నడిపించండి.

తారాపథం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మధ్యాహ్నరేఖ సంగతి అసలు తట్టలేదు. ఒక సందేహం: ఈ బ్రాకెట్లన్నీ ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో నడిపించాలా, చేత్తో కొట్టుకోవాలా? చేత్తో అయితే ఆరు నిమిషాలూ కెమెరా మీదే పోతాయని భయం.

రెండో_స్పర్శ

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: మొదటిసారి వెళ్లేవాళ్లు ల్యాప్‌టాప్ జోలికి పోవద్దు. నడినెత్తి ఎండలో ల్యాప్‌టాప్ తెర కనబడదు, యూఎస్‌బీ కేబుల్ ట్రాకర్‌తో పాటు తిరుగుతూ ఎక్కడో పట్టుకుంటుంది, కంప్యూటర్ గడియారం జీపీఎస్‌తో కలవకపోతే పూసల క్రమం మొత్తం పక్కకి జరిగిపోతుంది. ఏదైనా ఆగిపోతే దాన్ని సరిచేస్తూ గ్రహణం గడిచిపోతుంది.

దాని బదులు కెమెరాలోనే బ్రాకెట్ పెట్టి, లాక్ అయ్యే కేబుల్ రిలీజ్ వాడండి. కంటిన్యువస్ మోడ్‌లో బటన్ నొక్కి పట్టి లాక్ చేస్తే బ్రాకెట్లు వరసగా పడుతూనే ఉంటాయి. సీ2 దగ్గర, సీ3 దగ్గర మాత్రమే చేతి పని: సెట్టింగులు కెమెరా కస్టమ్ డయల్‌లో మొదటి గుర్తుకి పూసలు (1/3200, బర్స్ట్), రెండో గుర్తుకి బ్రాకెట్ అని ముందే దాచుకోండి. డయల్ ఒక్క అడుగు తిప్పడమే. సమయాలు గట్టిగా చెప్పే ఫోన్ యాప్‌లు ఉన్నాయి, మీరు నిలబడ్డ చోటి అక్షాంశ రేఖాంశాలు దానికి ఇచ్చి, ఆ ఫోన్‌ను స్పీకర్‌కు కలిపితే అందరికీ వినబడుతుంది.

ఆరు నిమిషాల్లో కనీసం నాలుగు నిమిషాలు కళ్లతోనే చూడండి. కరోనా మెత్తదనం, చుట్టూ దిగంతమంతా పరుచుకున్న సంధ్యవెలుగు ఏ సెన్సర్‌కీ కంటికి అందినట్టు అందవు.

స్టాప్_లెక్క

లాక్ రిలీజ్ పద్ధతికి నాదీ సమ్మతే. ఒక్క జాగ్రత్త: కొన్ని బాడీల్లో కంటిన్యువస్ బ్రాకెట్ ఒక వరస పూర్తయ్యాక ఆగిపోతుంది, మళ్లీ నొక్కితేనే కదులుతుంది. మీదెలా చేస్తుందో ముందే చూసుకోండి. ఆగేదైతే ఇంటర్వెలోమీటర్‌ను (నిర్ణీత వ్యవధికి తానే షట్టర్ నొక్కే పరికరం) 8 సెకన్లకొకసారి పెట్టండి.

నీడల_వెంట

పదిహేడు మంది సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను.

ముందు కళ్లద్దాలు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్నవి తలా ఒకటి, పైన నాలుగు అదనంగా. గీతలు పడ్డవి, మడత దగ్గర చిరిగినవి పక్కన పెట్టేయండి. అవి పెట్టుకుని బైనాక్యులర్లో గాని కెమెరాలో గాని చూడకూడదని పిల్లలకు విడిగా చెప్పండి: లెన్స్ కూడగట్టిన వేడికి ఆ ఫిల్మ్ కాలి రంధ్రం పడుతుంది, వెనకే కన్ను ఉంటుంది.

పాక్షిక దశ గంటకు పైగా సాగుతుంది, ఆ సేపంతా పంచుకోవడానికి బోలెడు ఉంది. సూర్యుడు నడినెత్తిన ఉండటం కెమెరాకు చిక్కే గాని నీడలకు వరం. బొమ్మలు నేల మీద సాగకుండా గుండ్రంగా పడతాయి. ఒక పెద్ద అట్ట మీద 3 మి.మీ. రంధ్రాలతో అక్షరాలు చుక్కలుగా పొడవండి, చుక్కకూ చుక్కకూ మధ్య 20 మి.మీ. ఉండాలి. నేలకు మీటరు ఎత్తున పట్టుకుంటే ఒక్కో రంధ్రం కింద 9 మి.మీ. సూర్యుడు పడతాడు, రంధ్రం సైజు కూడా కలిసి 12 మి.మీ. అవుతుంది. అంతకంటే దగ్గరగా పొడిస్తే ఒకదాని మీద ఒకటి పడి అక్షరం చెరిగిపోతుంది. సగం దాటి కప్పుకున్నాక ప్రతి చుక్కా నెలవంక అవుతుంది. కింద తెల్ల దుప్పటి పరిచి, ఆ అక్షరాల్నీ చుట్టూ పిల్లల చేతుల్నీ కలిపి ఫోన్‌తో తీయండి. ఇంత తేలిగ్గా, ప్రమాదం లేకుండా వచ్చి, అందరూ తమదిగా చూపించుకునే ఫొటో ఇంకొకటి లేదు.

కాస్త పెద్ద బొమ్మ కావాలంటే బైనాక్యులర్ ప్రొజెక్షన్. ఒక వైపు మూత పెట్టి, ట్రైపాడ్‌కు బిగించి, ఐపీస్ నేలవైపు ఉండేలా తిప్పి 40 సెం.మీ. కింద తెల్ల అట్ట పెట్టండి. దాని పక్కన ఒక పెద్దమనిషి కదలకుండా ఉండాలి, పిల్లలెవరూ ఐపీస్ కింద తల పెట్టకుండా. రెండు నిమిషాలు చూపించి రెండు నిమిషాలు మూత వేయండి, లేకపోతే లోపలి ప్లాస్టిక్ భాగాలు వేడికి మెత్తబడతాయి. సూర్యమచ్చలుంటే ఇందులో స్పష్టంగా కనబడతాయి, చంద్రుడి అంచు ఒక్కో మచ్చను మింగడం అందరూ ఒకేసారి చూడొచ్చు.

సీ2కి రెండు నిమిషాల ముందు ఆ తెల్ల దుప్పటి ఖాళీ చేయండి. సన్నటి ఎండలో నేల మీద నీడచారలు అలల్లా పరుగెత్తుతాయి. చాలా మసకగా ఉంటాయి, ఫొటోకి చిక్కవు. వీడియో సెకనుకు 60 ఫ్రేములతో, ఎక్స్‌పోజర్ లాక్ చేసి తీసి తరవాత కాంట్రాస్ట్ పెంచాలి.

సమయం పలకడానికి ఒకే గొంతు ఉండాలి. చివరి పూస ఆరగానే "అద్దాలు తీయండి", సీ3కి పది సెకన్ల ముందు "పెట్టుకోండి". టార్చిలు, ఫ్లాష్‌లు, మెరిసే ఫోన్ తెరలు ఆ ఆరు నిమిషాలూ బంద్. లైవ్ స్ట్రీమ్ ఆలోచన మానుకోండి. గ్రహణ మార్గంలో అందరూ ఒకేసారి నెట్‌వర్క్ మీద పడతారు. రికార్డు చేసి రాత్రికి పంపితే నాణ్యత దక్కుతుంది.

పొరలు

తిరిగొచ్చాక పని గురించి నాలుగు మాటలు.

కరోనా ఫ్రేముల్ని పేర్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ సహజంగా చంద్రుడి అంచును పట్టుకుని కలుపుతుంది. అది తప్పు. ఈ గ్రహణంలో చంద్రుడు సూర్యుడి మీద సెకనుకు సుమారు 0.4 ఆర్క్‌సెకన్లు జరుగుతాడు. ఆరు నిమిషాల్లో అది 600 దగ్గర వంద పిక్సెళ్లు. చంద్రుణ్ణి ఆనవాలుగా పెట్టుకుంటే కరోనా చారలన్నీ పులుముకుపోతాయి. ప్రామినెన్సుల్ని గాని, ఫ్రేములో నక్షత్రం పడితే దాన్ని గాని పట్టుకుని కలపండి. సన్నటి పోగులు బయటికి తీయడంలో చెక్ గణితవేత్త మిలోస్లావ్ డ్రూక్‌ముల్లర్ పనితనం ప్రసిద్ధం. ఆయన బొమ్మల వెనక పదుల కొద్దీ ఫ్రేములు, డార్కులు (నాయిస్ తీసేయడానికి మూత వేసి తీసే ఫ్రేములు), ఫ్లాట్లు (లెన్స్ వెలుగు తేడాలు సరిచేయడానికి సమంగా వెలిగే తెల్లటి తలాన్ని తీసే ఫ్రేములు) ఉంటాయి. అందుకే సీ3 తరవాత ఫిల్టర్ పెట్టేసి, లెన్స్‌కు మూత వేసి, అదే వేడిలో అవే షట్టర్ వేగాలకు పదేసి డార్కులు తీసుకోండి. చంద్రబింబం చుట్టూ తెల్లటి అంచుగీత కనబడిందంటే షార్పెనింగ్ ఎక్కువైందని గుర్తు.

పంచుకునేటప్పుడు కరోనా లాంటి మెత్తటి రంగుజారుళ్లు జేపెగ్‌లో మెట్లుమెట్లుగా విరుగుతాయి. ఎగుమతికి ముందు కొద్దిగా గ్రెయిన్ వేసి, ఎస్ఆర్‌జీబీలో, నాణ్యత 90కి తగ్గకుండా, పొడవు 2048 పిక్సెళ్లకు కుదించి పంపండి. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే మళ్లీ నలుగుతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

బొమ్మ కింద చోటు, గ్రీనిచ్ సమయం, లెన్స్, ఎక్స్‌పోజర్ రాయండి, ఒకే ఫ్రేమా పేర్చినదా అన్నది తప్పకుండా చెప్పండి. వెడల్పు లెన్స్ బొమ్మలో 600తో తీసిన సూర్యుణ్ణి అతికించి చూపిస్తే, అక్కడ లేనివాళ్లు ఆకాశంలో అంత పెద్దది కనిపించిందని నమ్ముతారు. అది వాళ్లకు అన్యాయం. ముగ్గురి రా ఫైళ్లూ ఒకే ఫోల్డర్లో పెట్టేలా ఉంటే, బయల్దేరే ముందే మూడు కెమెరాల గడియారాలూ జీపీఎస్ సమయానికి సెకనుతో సహా కలపండి. తరవాత ఏ ఫ్రేము ఏ క్షణానిదో తేల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.

తారాపథం

చాలా ఉపయోగపడింది. చివరిగా ఒకటి: ఫోన్లే ఉన్నవాళ్లు ఏం తీయవచ్చు?

నీడల_వెంట

సూర్యుణ్ణి దగ్గరగా తీయాలనే ఆశ వదిలేయమనండి. మామూలు ఫోన్ లెన్స్, అంటే 26 మి.మీ. సమానమైన దాంట్లో, 4000 పిక్సెళ్ల బొమ్మలో సూర్యుడు 27 పిక్సెళ్లు ఉంటాడు. ఫోన్ గొప్పతనం వెడల్పులో ఉంది. 13 మి.మీ. సమానమైన అల్ట్రావైడ్‌ను నిలువుగా పట్టి, సుమారు 42 డిగ్రీలు పైకి వంచి చిన్న స్టాండుకి బిగిస్తే 108 డిగ్రీలు పడుతుంది. కింద మనుషులు, పైన 82 డిగ్రీల ఎత్తున నల్ల సూర్యుడు, రెండూ ఒకే ఫ్రేములో. 16 మి.మీ. లెన్స్‌కైతే పట్టీ పట్టనట్టు ఉంటుంది, మనుషుల్ని కాస్త దూరంగా నిలబెట్టాలి.

వీడియో సీ2కి రెండు నిమిషాల ముందు మొదలుపెట్టి సీ3 తరవాత నిమిషం దాకా ముట్టుకోవద్దు. ఫోకస్ దూరానికి లాక్, నైట్ మోడ్ ఆఫ్, ఫ్లాష్ ఆఫ్, ఏరోప్లేన్ మోడ్ ఆన్. ఎక్స్‌పోజర్ మటుకు లాక్ చేయొద్దు. చేస్తే సంపూర్ణ దశలో అంతా నలుపైపోతుంది. ఆటోలోనే ఉంచి ఒక స్టాప్ తగ్గించండి. మైక్రోఫోన్ రంధ్రం గాలివాటుకి లేకుండా చూసుకోండి, ఆ క్షణాన ఇరవై మంది నోటి నుంచి వచ్చే కేకలు బొమ్మతో సమానంగా విలువైనవి. ఫోన్‌ను అప్పటిదాకా నీడలో, తువ్వాలు కింద ఉంచండి. ఎండలో కాగిన ఫోన్ సరిగ్గా రికార్డింగ్ మధ్యలోనే ఆగిపోతుంది.